పదేళ్ల టీకా జీవితకాలపు టీకా ఎలా అయింది?

సూరత్‌లో ముడి వజ్రాల వ్యాపారం చేసేవాళ్లకి అంగోలా, కాంగో, సియెర్రా లియోన్ కొత్త పేర్లు కావు. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఈ ఊళ్లోనే మెరుగు దిద్దుకుంటాయని చెబుతారు. ఆ రాళ్లలో కొన్ని పుట్టేది ఆఫ్రికా నేలలో. అక్కడికి వెళ్లొచ్చే మనిషి పాస్‌పోర్టుతో పాటు ఒక పసుపుపచ్చ కార్డు కూడా జాగ్రత్తగా దాచుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు చెప్పే సర్టిఫికెట్ అది. టీకా పడిన పది రోజుల తర్వాత నుంచే అది చెల్లుతుంది. అది లేకుండా ఆ దేశాల నుంచి వచ్చి మన విమానాశ్రయంలో దిగితే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు. దాన్ని మోసుకెళ్లగల ఏడిస్ దోమ మాత్రం ఊరూరా ఉంది. వానాకాలంలో సూరత్‌ను డెంగీతో పీడించేది ఆ దోమే. వైరస్ ఒక్కసారి అడుగుపెడితే దోమలకు కొదవ ఉండదు కాబట్టే ఇంత పట్టుదల.

ఈ కార్డుకి ఒకప్పుడు పదేళ్ల గడువు ఉండేది. గడువు తీరితే మళ్లీ సూది. 2016 జులై 11 నుంచి ఆ గడువు పోయింది. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. పాత కార్డు మీద పదేళ్లు అని రాసి ఉన్నా సరే చెల్లుతుంది. విచిత్రం ఏమిటంటే టీకా ఏమీ మారలేదు. మాక్స్ థైలర్ బృందం 1937లో న్యూయార్క్‌లో తయారుచేసిన 17డి అనే బలహీనపరిచిన వైరస్సే ఈనాటికీ సూదిలో ఉంది. మారింది మన తెలివిడి. టీకా వేసిన తర్వాత ఒంట్లో ఏం మిగులుతుంది, అది అన్నేళ్లు ఎలా నిలుస్తుంది అన్న ప్రశ్నకు గత ముప్ఫై ఏళ్లలో దొరికిన జవాబు ఒక గొప్ప కథ. ఆ కథలో హైదరాబాద్ మనిషి ఒకరున్నారు.

పదేళ్ల గడువు తప్పని ఎలా తెలిసింది?

ముందు లెక్క చూద్దాం. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు అప్పటిదాకా వేసిన 60 కోట్లకు పైగా డోసుల చరిత్ర తిరగేశారు. టీకా వేయించుకున్నాక కూడా ఎల్లో ఫీవర్ వచ్చినట్టు తేలిన కేసులు 12. ఆ పన్నెండూ టీకా పడిన ఐదేళ్ల లోపలే వచ్చాయి. ఇక్కడ ఆగి ఆలోచించాలి. రక్షణ కాలంతో పాటు కరిగిపోయేదే అయితే, పదేళ్లకో పాతికేళ్లకో కేసులు పెరగాలి. అలా జరగలేదు. ఆ కొద్దిమందిలో టీకా మొదటే సరిగ్గా పట్టి ఉండదు. పట్టినవాళ్లలో మాత్రం అది వదల్లేదు.

ఇంత దీర్ఘమైన జ్ఞాపకం ఒంట్లో సాధ్యమేనా అంటే, దానికి ఇంకా పాత సాక్ష్యం ఉంది. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో 1781లో పొంగు వచ్చింది. ఆ తర్వాత 65 ఏళ్లు ఆ దీవుల మొహం చూడలేదు. 1846లో మళ్లీ వచ్చినప్పుడు సుమారు 7,800 మంది జనాభాలో ఆరు వేల మందికి సోకింది. అక్కడికి వెళ్లిన డెన్మార్క్ వైద్యుడు లుడ్విగ్ పానుమ్ గమనించింది ఒక్కటే: 1781లో పిల్లలుగా ఉండి పొంగు వచ్చిన ముసలివాళ్లలో ఒక్కరికీ రెండోసారి రాలేదు. మధ్యలో గుర్తుచేయడానికి వైరస్ లేదు. అయినా శరీరం మరచిపోలేదు.

ఆ జ్ఞాపకం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి యాంటీబాడీలు, వాటిని తయారుచేసే బీ కణాలు. రెండోది టీ కణాలు. ఎల్లో ఫీవర్ విషయంలో ముందు నిలబడి అడ్డుకునేవి యాంటీబాడీలే, అందులో అనుమానం లేదు. వాటిని తప్పించుకుని వైరస్ కణాల లోపలికి దూరితే, ఆ కణాలను పసిగట్టి చంపే పని సిడి8 టీ కణాలది. యాంటీబాడీల గురించి కోవిడ్ రోజుల్లో అందరం బోలెడు విన్నాం, రక్తపరీక్షలు కూడా చేయించుకున్నాం. టీ కణాల ఊసు మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అందుకే ఇక్కడ వాటి గురించే చెబుతాను.

ఎవరు మిగలాలి, ఎవరు పోవాలి?

టీ కణం ఎముక మజ్జలో పుట్టి, గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథిలో ముదురుతుంది. ఒక్కో కణం ఒక్కో రకం ముక్కనే గుర్తుపట్టగలదు. ఒక కొత్త వైరస్‌కు సరిపోయే టీ కణాలు ఎలుక ఒంట్లో మహా ఉంటే వందల్లో ఉంటాయి. వైరస్ వచ్చాక లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో దాని ముక్క కంటపడగానే అవి విభజన మొదలుపెడతాయి. వారం తిరిగేసరికి వందలు కాస్తా లక్షలు, కోటి అవుతాయి. వైరస్ పోయాక వాటిలో నూటికి తొంభై పైగా చచ్చిపోతాయి. మిగిలిన ఐదో పదో శాతమే జ్ఞాపక టీ కణాలు.

దీన్ని ఎలుకల్లో లెక్కగట్టి చూపించింది రఫీ అహ్మద్ ప్రయోగశాల. ఆయన హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో డాక్టరేట్ చేశారు. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో టీకా కేంద్రాన్ని నడిపారు. టీ కణాల జ్ఞాపకం గురించి మాట్లాడేటప్పుడు ఆయన పేరు తీయకుండా మాట్లాడటం కష్టం. ఆ ప్రయోగశాలలో కాజా మురళీకృష్ణ, సహచరులు 1998లో ప్రచురించిన పని ఆ రంగాన్ని కుదిపేసింది. ఎల్‌సీఎంవీ అనే వైరస్ సోకిన ఎలుకలో ఎనిమిదో రోజున ప్లీహంలో పెరిగిన సిడి8 కణాల్లో సగానికి పైగా ఆ ఒక్క వైరస్ కోసమే పెరిగినవని తేలింది. అంతకుముందు వాటిలో ఎక్కువ భాగం ఊరికే గొడవకు పోగైనవని అనుకునేవారు.

దీపావళి గిరాకీకి సూరత్ బట్టల మార్కెట్లో అదనంగా మనుషుల్ని పెట్టుకుంటారు. పండుగ వెళ్లాక కొద్దిమందిని ఉంచుకుని మిగతావాళ్లని పంపేస్తారు. ఎవరిని ఉంచుకోవాలో శేఠ్ చూసుకుంటాడు. ఒంట్లో మాత్రం శేఠ్ లేడు. మరి కోటి కణాల్లో ఏది ఉండాలో ఎలా తేలుతుంది?

వైరస్ ముక్కలు ఎక్కడో దాగి ఉండి ఈ కణాల్ని మేల్కొలుపుతూ ఉంటాయని చాలాకాలం ఒక వాదన ఉండేది. మురళీకృష్ణ, అహ్మద్, సూర్యప్రకాశ్ సంభర తదితరులు 1999లో దాన్ని పరీక్షించారు. జ్ఞాపక కణాల్ని తీసి, వైరస్ ముక్కను వాటికి చూపించే అణువులే లేని ఎలుకల ఒంట్లోకి ఎక్కించారు. కణాలు చావలేదు. నెమ్మదిగా విభజన చెందుతూ సంఖ్య నిలుపుకున్నాయి, పని వచ్చినప్పుడు చురుగ్గా స్పందించాయి. అంటే వాటిని బతికిస్తున్నది వైరస్ కాదు, శరీరమే. శరీరం వాటికి ఏదో కబురు పంపుతోంది.

ఆ కబురు మోసేవే సైటోకైన్లు

సైటోకైన్లు చిన్న ప్రోటీన్లు. ఒక కణం విడుదల చేస్తే, తగిన గ్రాహకం ఉన్న మరో కణం అందుకుంటుంది. గ్రాహకం లేని కణానికి ఆ కబురు వినబడదు. వీటిలో చాలావాటిని ఇంటర్‌ల్యూకిన్ అని నంబర్లతో పిలుస్తారు. 1976లో అమెరికాలో రాబర్ట్ గాలో ప్రయోగశాలలో కనిపెట్టిన టీ కణాల వృద్ధి పదార్థమే తర్వాత ఇంటర్‌ల్యూకిన్-2 అయింది. ఇంటర్‌ల్యూకిన్-7 1988లో దొరికింది. ఇంటర్‌ల్యూకిన్-15ను 1994లో రెండు అమెరికన్ బృందాలు వేరువేరుగా పట్టుకున్నాయి. ఈ మూడింటి గ్రాహకాల్లో ఒక భాగం ఉమ్మడిది. ఆ ఉమ్మడి భాగం పుట్టుకతోనే చెడిపోయిన పిల్లలకు టీ కణాలే తయారవవు, చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణాంతకమవుతుంది. 1993లో ఆ జన్యులోపం బయటపడ్డాక ఈ కబుర్ల విలువ అందరికీ అర్థమైంది.

2003లో సూసన్ కేక్, రఫీ అహ్మద్ తదితరులు అసలు కీలకం దగ్గరికి చేరారు. వైరస్ మీద యుద్ధం ముమ్మరంగా ఉన్న ఎనిమిదో రోజున, పైకి ఒకేలా కనిపించే కోటి కణాల్లో కొద్దిపాటి భాగం ఒంటిమీద ఇంటర్‌ల్యూకిన్-7 గ్రాహకం ఎక్కువగా ఉంది. మిగతావాటిలో అది దాదాపు లేదు. వేరుచేసి వేరే ఎలుకల్లోకి ఎక్కించి చూస్తే, గ్రాహకం ఉన్నవే నెలల తరబడి బతికి జ్ఞాపక కణాలయ్యాయి. వాటి భవిష్యత్తు గుంపు కరిగిపోవడం మొదలవకముందే నిర్ణయమైపోయిందన్నమాట.

ఇది చదివితే ఇంటర్‌ల్యూకిన్-7 గ్రాహకం పెట్టేస్తే చాలు, అన్నీ బతుకుతాయి అనిపిస్తుంది. పరిశోధకులకూ అనిపించింది. జన్యుపరంగా అన్ని కణాల మీదా ఆ గ్రాహకం ఉండేలా చేసి చూశారు. అయినా ఎక్కువ భాగం చనిపోయాయి. గ్రాహకం అవసరమే, కానీ అది మాత్రమే చాలదు. కణం లోపల అంతకుముందే ఏదో జరిగిపోయి ఉంటుంది. ఆ జరిగేదాన్ని నిర్ణయించేవి మొదటి మూడు నాలుగు రోజుల్లో కణం అందుకున్న కబుర్లు.

ఇంటర్‌ల్యూకిన్-12 ఒకటి. సూక్ష్మజీవి చొరబడిందని గట్టిగా చాటే కణాలు దీన్ని వదులుతాయి. దీని మోతాదు ఎక్కువైతే టీ కణంలో టీ-బెట్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. టీ-బెట్ బాగా పెరిగిన కణం ఆరితేరిన హంతక కణం అవుతుంది, పని ముగించి చస్తుంది. తక్కువ పెరిగిన కణానికి జ్ఞాపక కణంగా మిగిలే అవకాశం ఉంటుంది. కేక్ బృందం 2007లో ఈ సంగతి చూపించింది. ఒకే ప్రోటీన్, మోతాదును బట్టి రెండు దారులు.

ఇంటర్‌ల్యూకిన్-2 కథ దీనికన్నా చిక్కుగా ఉంటుంది. నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చిన మలుపు ఇదే. ఇన్‌ఫెక్షన్ మొదలైన మూడు, మూడున్నర రోజులకి కొన్ని టీ కణాలు ఇంటర్‌ల్యూకిన్-2 గ్రాహకాన్ని ఎక్కువగా పెట్టుకుంటాయి, కొన్ని తక్కువగా. ఎక్కువ విన్నవి వేగంగా పెరిగి త్వరగా చచ్చాయి. తక్కువ విన్నవి ఇంటర్‌ల్యూకిన్-7 గ్రాహకాన్ని తిరిగి తెచ్చుకుని జ్ఞాపకంగా మిగిలాయి. వందనా కాలియా, సురోజిత్ సర్కార్, అహ్మద్ తదితరులు 2010లో దీన్ని చెప్పారు. అలాగని ఇంటర్‌ల్యూకిన్-2 అసలు లేకపోతే మంచిదా? కాదు. మైఖేల్ బెవాన్ ప్రయోగశాల 2006లో చూసింది: మొదటి పరిచయంలో ఇంటర్‌ల్యూకిన్-2 అందని టీ కణాలు జ్ఞాపక కణాలుగా మిగులుతాయి గానీ, అదే సూక్ష్మజీవి రెండోసారి వస్తే పెరగలేవు. సంఖ్య ఉంటుంది, సత్తా ఉండదు. ఎక్కువైతే ఆయుష్షు పోతుంది, అసలు లేకపోతే పనితనం పోతుంది.

వీటికి ఎదురుగా నిలిచే కబుర్లూ ఉన్నాయి. ఇంటర్‌ల్యూకిన్-10, ఇంటర్‌ల్యూకిన్-21 కణం లోపల స్టాట్-3 అనే ప్రోటీన్‌ను కదిలిస్తాయి. అది జ్ఞాపక కణం ముదరడానికి తోడ్పడుతుంది. గొడవ చల్లారే దశలో ఇవి బాగా పనికొస్తాయి. గొడవను పెంచే కబుర్లు ముందు, చల్లార్చే కబుర్లు తర్వాత. ఏది ఎంత అన్నదానితో పాటు ఏది ఎప్పుడు అన్నదీ ముఖ్యం.

కణం లోపల ఈ కబుర్లన్నీ కలిసే చోట్లలో ఒకటి ఎం-టార్. ఆహారం ఎంతుంది, ఏ సైటోకైన్ పిలుస్తోంది అని చూసి పెరగాలా వద్దా అన్నది తేల్చే ప్రోటీన్ అది. ఎం-టార్‌ను అడ్డుకునే రాపామైసిన్ అనే మందును కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు రోగనిరోధక శక్తి తగ్గించడానికి ఇస్తారు. 2009లో అహ్మద్ బృందం తక్కువ మోతాదులో దాన్ని ఎలుకలకిచ్చింది. రోగనిరోధక శక్తిని అణచే మందు జ్ఞాపక టీ కణాల సంఖ్యను పెంచింది, నాణ్యతనూ పెంచింది. మామూలుగా ఊహకు అందని ఫలితం ఇది. ఎం-టార్ మరీ జోరుగా నడిస్తే కణాలు పని కణాలుగా మారి అలిసిపోతాయి, కాస్త తగ్గితే నిలిచే కణాలవుతాయి అని దీని భావం. ఇది చూసి ఎవరూ ఆ మందు కొనుక్కోకూడదు. అది ఎలుకల్లో, కొలిచిన మోతాదులో, కొలిచిన రోజుల్లో చేసిన పని.

అన్నేళ్లు బతకడానికి ఏం తిని బతుకుతాయి?

ఎంపిక అయిపోయాక రెండు కబుర్లు మిగులుతాయి. ఇంటర్‌ల్యూకిన్-7 కణం చావకుండా చూస్తుంది. దాని పలుకు అందినంతకాలం కణం లోపల బీసీఎల్-2 అనే ప్రోటీన్ చావు ప్రక్రియను ఆపి ఉంచుతుంది. ఇంటర్‌ల్యూకిన్-15 అప్పుడప్పుడు కణాన్ని విభజన చెందమంటుంది, అలా సంఖ్య తగ్గకుండా ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్-15 లేని ఎలుకల్లో సిడి8 జ్ఞాపక కణాలు కరిగిపోతాయి. సిడి4 అనే మరో రకం జ్ఞాపక టీ కణాలు ఎక్కువగా ఇంటర్‌ల్యూకిన్-7 మీద ఆధారపడతాయి. ఇంటర్‌ల్యూకిన్-15లో ఇంకో విశేషం ఉంది. అది రక్తంలో విడిగా తిరగడం తక్కువ. దాన్ని తయారుచేసిన కణమే తన గ్రాహకంతో పట్టుకుని, పక్కకొచ్చిన టీ కణానికి అంటుకుని చూపిస్తుంది. ఎముక మజ్జ అలాంటి పొరుగు బాగా దొరికే చోటు.

ఈ కణాలు తిండి విషయంలోనూ మారతాయి. పోరాటంలో ఉన్న టీ కణం చక్కెరను గబగబా కరిగిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-15 అందుకున్న జ్ఞాపక కణం మైటోకాండ్రియాలను పెంచుకుని కొవ్వును నిదానంగా వాడుకుంటుంది. మళ్లీ పిలుపు వచ్చినప్పుడు ఒక్కసారిగా లేవడానికి ఆ నిల్వ శక్తి పనికొస్తుంది.

ఇదంతా ఎలుకల మాట. మనుషుల్లో ఎలా తెలుస్తుంది? ఇక్కడే ఎల్లో ఫీవర్ టీకా మళ్లీ అక్కరకొచ్చింది. అది బతికున్న వైరస్, ఒకే సూది, మనిషి ఒంట్లో నిజమైన ఇన్‌ఫెక్షన్ లాగే నడుస్తుంది. ఎవరికి ఏ రోజు మొదలైందో కచ్చితంగా తెలుసు. రమ ఆకొండి, అహ్మద్ తదితరులు టీకా వేయించుకున్న వాలంటీర్ల చేత మొదటి రెండు వారాలు భారజలం తాగించారు. సూరత్ పక్కన హజీరాలోను, మన మణుగూరులోను రియాక్టర్ల కోసం తయారుచేసేది ఇదే నీరు. ఆ రోజుల్లో విభజన చెందిన కణాల డీఎన్‌ఏలో బరువైన హైడ్రోజన్ చేరుతుంది. తర్వాత కణం మళ్లీ విభజన చెందితే ఆ గుర్తు పలచబడుతుంది. నెలలు, ఏళ్లు గడిచాక రక్తం తీసి ఆ గుర్తు ఎంత మిగిలిందో కొలిచారు.

2017లో వచ్చిన ఫలితం ఇది. ఏళ్ల తర్వాత మిగిలిన జ్ఞాపక కణాలు మొదటి రెండు వారాల్లో విపరీతంగా పెరిగిన కణాల సంతానమే. తర్వాత అవి దాదాపు నిద్రలోకి జారాయి, ఏడాదికి ఒకసారి కన్నా తక్కువ విభజన చెందాయి. పైకి చూస్తే ఎన్నడూ వైరస్‌ను చూడని కొత్త కణంలా ఉంటాయి. లోపల మాత్రం పోరాటానికి కావలసిన జన్యువుల చుట్టూ డీఎన్‌ఏ చుట్టలు వదులుగానే ఉన్నాయి. పిలిస్తే పని మొదలుపెట్టడానికి వాటికి కొత్తగా నేర్చుకునేది లేదు. ఫారో దీవుల ముసలివాళ్ల ఒంట్లో ఏం జరిగి ఉంటుందో ఊహించడానికి ఇంతకంటే మంచి ఆధారం ఇప్పటిదాకా నేను చూడలేదు.

జ్వరం బాగా కాస్తేనే ఇమ్యూనిటీ వస్తుందా?

ఈ నమ్మకం సూరత్‌లోనూ ఉంది, సిరిసిల్లలోనూ ఉంది. మందు వేసుకోకుండా జ్వరాన్ని ఒంటితోనే తేల్చుకోనిస్తే బలం వస్తుందంటారు. మొదటి రోజే మాత్ర వేసుకుంటే ఒంటికి ఏమీ గుర్తుండదంటారు.

1994 సెప్టెంబరు గుర్తున్నవాళ్లకి ఈ ప్రశ్న ఇంకా బాగా తెలుస్తుంది. ఊపిరితిత్తుల ప్లేగు అని వార్త పొక్కగానే సూరత్ నుంచి లక్షల మంది పారిపోయారు. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల మరమగ్గాల కార్మికులు దొరికిన రైలెక్కారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ మాయమైంది. చనిపోయినవాళ్లు యాభై పైచిలుకు. అది నిజంగా ప్లేగేనా అన్న వాదం ఏళ్ల తరబడి సాగింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఎస్. శివాజీ బృందం 2000లో ఆ బాక్టీరియా డీఎన్‌ఏను పరీక్షించి ప్లేగు సూక్ష్మజీవేనని చెప్పింది. ప్లేగు తర్వాత మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో ఊరు ఎలా శుభ్రపడిందో సూరత్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ రోజుల్లో ముందుజాగ్రత్తగా టెట్రాసైక్లిన్ మింగి, సూక్ష్మజీవి సోకనే సోకనివాళ్లకి జ్ఞాపకం ఏర్పడే అవకాశమే లేదు. చూడనిదాన్ని టీ కణం గుర్తుపెట్టుకోలేదు. సోకిన తర్వాత వెంటనే మందు పడినవాళ్ల సంగతి వేరు. దీనికి దగ్గరి జవాబు లిస్టీరియా అనే బాక్టీరియాతో అయోవా విశ్వవిద్యాలయంలో వ్లాదిమిర్ బాదోవినాత్స్, జాన్ హార్టీ చేసిన ప్రయోగాల్లో ఉంది. ఎలుకలకు ముందే యాంటీబయాటిక్ మొదలుపెట్టి, ఆ తర్వాత బాక్టీరియా సోకించారు. అయినా టీ కణాలు పని నేర్చుకున్నాయి, పెరిగాయి. రోగం పూర్తిగా నడిచిన ఎలుకల్లో చచ్చినట్టుగా తర్వాత గుంపులుగా చావలేదు. జ్ఞాపక కణాలు ఏర్పడ్డాయి. కారణం ఇంతకుముందు చెప్పిందే. మొదటి రోజుల మంట తగ్గితే ఇంటర్‌ల్యూకిన్-12 లాంటి కబుర్లు తగ్గుతాయి, నిలిచే కణాల వాటా పెరుగుతుంది.

కనుక ఒళ్లు కాలిపోయేంత జ్వరం మంచి జ్ఞాపకానికి గుర్తు కాదు. పూర్తిగా మంట లేకపోయినా కుదరదు, అందుకే చాలా టీకాల్లో రోగనిరోధక వ్యవస్థను కాస్త కదిలించే పదార్థాలు కలుపుతారు. ప్లేగు లాంటి రోగానికి మందు ఆలస్యం చేయడం మాత్రం ప్రాణంతో చెలగాటం. జ్ఞాపకం కోసం రోగాన్ని పెంచి పోషించాల్సిన అవసరం శరీరానికి ఎన్నడూ లేదు.

రోగం వదలకుండా నెలల తరబడి సాగితే ఇంకో చిక్కు ఉంది. వైరస్ ముక్క రోజూ కళ్లెదుట ఉంటే టీ కణాలు ఇంటర్‌ల్యూకిన్-7, 15 మాట వినడం మానేసి ఆ ముక్క మీదే ఆధారపడి బతుకుతాయి, క్రమంగా అలిసిపోతాయి. దీర్ఘకాలపు హెపటైటిస్‌లో, క్యాన్సర్‌లో కనిపించేది ఈ అలసటే. క్యాన్సర్ చికిత్స కోసం రోగి టీ కణాల్ని బయట పెంచే ప్రయోగశాలలు చాలావరకు ఇంటర్‌ల్యూకిన్-2 ఒక్కదానితో సరిపెట్టకుండా 7, 15 వాడటం మొదలుపెట్టింది అందుకే. ఒంట్లోకి ఎక్కించాక అవి కొన్నాళ్లు నిలవాలి కదా.

బీసీజీ వేసినా టీబీ ఎందుకొస్తుంది?

మరమగ్గాల షెడ్లలో పనిచేసే కుటుంబాల్లో ఈ ప్రశ్న బాధతో అడుగుతారు. పుట్టగానే భుజం మీద బీసీజీ వేశారు, మచ్చ కూడా ఉంది, మరి పాతికేళ్లకు ఛాతీ ఎక్స్‌రేలో మరక ఎందుకొచ్చింది?

మన దేశంలో బీసీజీ 1948లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో మొదలైంది. పసిపిల్లల్లో మెదడుకు పాకే టీబీని అది బాగా అడ్డుకుంటుంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీ దగ్గరకొచ్చేసరికి చాలా బలహీనం. తమిళనాడులోని చెంగల్పట్టులో 1968లో మొదలైన పెద్ద పరీక్ష ఈ నిజాన్ని చేదుగానే చెప్పింది. కారణాలు చాలా ఉన్నాయి. సైటోకైన్లకు సంబంధించిన ఒకటి చెబుతాను.

జ్ఞాపక టీ కణాలన్నీ రక్తంలో తిరగవు. కొన్ని ఊపిరితిత్తుల్లో, పేగుల్లో, చర్మంలో కాపురం పెట్టి అక్కడే ఉండిపోతాయి. అలా ఉండిపోవడానికి ఆ చోట దొరికే టీజీఎఫ్-బీటా అనే సైటోకైన్ కావాలి. అది అందుకున్న కణం సిడి103 అనే అణువును పెట్టుకుని చర్మకణాలను, పొర కణాలను అంటిపెట్టుకుంటుంది. భుజం చర్మంలో వేసిన టీకా ఊపిరితిత్తుల లోపల ఇలాంటి కాపురస్థుల్ని సరిపడా నిలబెట్టలేకపోవడం ఒక లోపమని చాలామంది నిపుణుల ఆలోచన. అమెరికాలో రాబర్ట్ సెడర్ బృందం 2020లో కోతులకు బీసీజీని సిరలోకి ఎక్కించింది. ఊపిరితిత్తుల్లో టీ కణాలు మెండుగా చేరాయి, పది కోతుల్లో తొమ్మిదింటికి మంచి రక్షణ దొరికింది. మనుషులకు అలా ఎక్కించే రోజు ఇంకా రాలేదు. కానీ జ్ఞాపకం ఎంత అన్నదే కాక ఎక్కడ అన్నదీ లెక్కలోకి వస్తుందని ఆ కోతులు చూపించాయి.

డోసు తప్పితే మొదటికొస్తుందా?

జ్ఞాపక కణం పోరాట దశ నుంచి విశ్రాంతి దశకు రావడానికి వారాలు పడుతుంది. ఆ లోపలే మళ్లీ సూది వేస్తే, ఇంకా పోరాటంలో ఉన్న కణాల్ని మరింత అలసటకు నెట్టినట్టు అవుతుంది. పిల్లల టీకా డోసుల మధ్య కనీసం నాలుగు వారాల ఎడం పెట్టడానికి ఇదొక కారణం. తొందరపడి ముందే వేయించడం వల్ల లాభం లేదు.

ఆలస్యమైతే సంగతి వేరు. సూరత్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలు పెళ్లిళ్లకీ జాతరలకీ సొంతూరు వెళ్లి నెలల తరబడి ఉండిపోతాయి. పిల్లల రెండో డోసో మూడో డోసో తప్పిపోతుంది. తిరిగొచ్చాక, ఇంతకాలమైంది కదా, మొదటిది వృథా అయిపోయి ఉంటుందని కొందరు ఆసుపత్రికే వెళ్లరు. ఇంకొందరు మళ్లీ మొదటి నుంచి వేయమంటారు. రెండూ అనవసరం. మొదటి డోసుతో తయారైన కణాలు ఇంటర్‌ల్యూకిన్-7, 15 నీడలో బతికే ఉంటాయి. మామూలు పిల్లల టీకాల్లో ఆపిన చోటి నుంచే కొనసాగిస్తారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకీ, అవయవ మార్పిడి మందులు వాడుతున్నవాళ్లకీ మాత్రం డాక్టరు విడిగా చూసి చెప్పాలి.

రోగనిరోధక శక్తి పెంచుతామంటూ అమ్మే పొడుల్లో, సిరప్‌లలో ఈ కబుర్లను సరైన రోజున సరైన మోతాదులో ఇవ్వగలిగేది ఒక్కటీ నాకు తెలియదు. ఆ పని చేయగలిగేది టీకా. ఊరెళ్లేటప్పుడు పిల్లల టీకా కార్డు సంచిలో పెట్టుకోండి. ఏ ఊరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనైనా తర్వాతి డోసు డబ్బు తీసుకోకుండానే వేస్తారు. ఎంత ఆలస్యమైనా సరే, వెళ్లి వేయించండి.